ఆ నూరో వంతు ఎక్కణ్ణుంచి వచ్చింది?

గేటు తోసుకుని వీధిలోకి దూసుకుపోయే ఆడపిల్ల కనిపిస్తే చాలు, మా మేనత్త “ఎక్కడికే ఆ పరుగు? పెద్ద పి.టి. ఉష బయల్దేరింది!” అనేది. ఆవిడ ఉష పరిగెత్తగా ఒక్కసారైనా చూసిందో లేదో నాకు అనుమానమే. ఆ పేరు అప్పటికే మన ఇళ్లలో మాటల్లోకి వచ్చేసింది. ఇక నేనైతే, డ్రిల్లు పీరియడ్‌ని బళ్లో పి.టి. అంటారు కాబట్టి, బాగా పరిగెత్తినవాళ్లకి సర్కారు ఇచ్చే బిరుదే పి.టి. అని చాలా ఏళ్లు నమ్మాను. అది పిలావుల్లకండి తెక్కెపరంబిల్ అనే ఇంటిపేరని తెలిసేసరికి నాకు మీసాలు మొలిచాయి.

పేరుతోపాటు ఇంకో ముక్క కూడా అందరికీ కంఠతా వచ్చు: సెకనులో నూరో వంతు తేడాతో ఒలింపిక్ పతకం చేజారింది. రిక్షా స్టాండులో అడిగినా చెప్పేవాళ్లు. చెప్పి, చివర్లో “తలరాత” అని నుదురు చూపించేవాళ్లు. నాకు ఆ చివరి మాట దగ్గరే పేచీ. తలరాత రాసిన బ్రహ్మ ఎవరో తెలీదుగానీ, ఆ నూరో వంతును రాసినవాళ్ల చిరునామాలు మాత్రం దొరుకుతాయి. ఆ కొలతకు పుట్టిన తేదీ ఉంది. ఆ పందేనికీ ఉంది. రెండూ ఉష కంటే వయసులో చిన్నవి.

ముందు పందెం సంగతి. ఇంగ్లండులో గొర్రెల మందల చుట్టూ కట్టే దడులను దూకే సరదా కాలేజీ కుర్రాళ్ల పోటీగా మారిందని హర్డిల్స్ గురించి చెబుతారు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్లకు 400 మీటర్ల హర్డిల్స్ మొదటిసారి పెట్టినప్పుడు దారికడ్డంగా పొడవాటి టెలిగ్రాఫ్ స్తంభాలు పడుకోబెట్టారు. చివర్లో దాటడానికి నీళ్ల మడుగు కూడా ఒకటి. 1904లో సెయింట్ లూయిస్‌లో హ్యారీ హిల్‌మన్ అనే అమెరికన్ ఇదే పందెం 53 సెకన్లలో గెలిచాడు. కానీ ఆ ఏడు హర్డిల్స్ ఎత్తు 76.2 సెంటీమీటర్లే ఉందని, మగవాళ్ల హర్డిల్ 91.4 ఉండాలని, దాన్ని రికార్డు లెక్కలోకి తీసుకోలేదు. మగవాడి రికార్డుకు చాలదన్న ఆ 76.2 కొలతే తర్వాతి కాలంలో ఆడవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్‌కు స్థిరపడింది. ఎనభై ఏళ్ల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఉష దాటింది ఆ ఎత్తునే.

హర్డిల్ ఆకారం కూడా ఊరికే రాలేదు. పాతకాలంలో అది తలకిందులైన టీ అక్షరంలా ఉండేది. కాలు తగిలితే ముందుకు పడటానికి మొరాయించి, మనిషినే పడేసేది. దెబ్బల భయంతో పరిగెత్తేవాళ్లు పైకి గెంతేవాళ్లు, వేగం గాల్లోనే పోయేది. 1935 ప్రాంతంలో ఎల్ అక్షరం ఆకారం వచ్చింది. పాదాలు పరిగెత్తేవాళ్ల వైపు చాచి ఉంటాయి, పైపట్టీకి తగిలితే అది ముందుకు ఒరుగుతుంది. అంతే, గెంతడం పోయి, అంగ సాచి దాటడం వచ్చింది. మా హైస్కూల్లో హర్డిల్స్ అంటే రెండు గుంజలు, వాటికడ్డంగా ఒక వెదురు కర్ర. అది ఏ వైపుకీ ఒరిగేది కాదు. మా మోకాళ్లే ఒరిగేవి.

ఆడవాళ్లకు ఈ 400 మీటర్ల దూరం దక్కడానికి పట్టిన కాలం చూస్తే ఆశ్చర్యమూ, కాస్త కోపమూ వస్తాయి. 1928లో ఆంస్టర్‌డామ్‌లో మొదటిసారి ఆడవాళ్లకు 800 మీటర్లు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. మొదటి ముగ్గురూ పాత ప్రపంచ రికార్డును దాటేశారు. ఆ ముగ్గురిలో రెండో అమ్మాయి జపాన్‌కు చెందిన కినూయె హితోమి. ఫైనల్లో పరిగెత్తిన తొమ్మిదిమందీ పందెం పూర్తిచేశారు. పత్రికలు మాత్రం అమ్మాయిలు సొమ్మసిల్లి గడ్డిమీద పడిపోయారని, ఆడ శరీరం ఇంత కష్టం ఓర్చుకోలేదని రాశాయి. పందెం అయ్యాక మగవాళ్లు పడుకుంటే అలసట, ఆడవాళ్లు పడుకుంటే అనర్థం! ఆ దెబ్బకు 200 మీటర్లు దాటిన పందేలన్నీ ఆడవాళ్ల ఒలింపిక్స్ నుంచి పోయాయి. 800 తిరిగి వచ్చింది 1960లో. 400 వచ్చింది 1964లో, అంటే ఉష పుట్టిన ఏడు.

హర్డిల్స్‌లో అయితే 1932 నుంచి ఆడవాళ్లకు 80 మీటర్లే. ఆ పందెం ఒలింపిక్స్‌లోకి తొలిసారి వచ్చింది లాస్ ఏంజెలెస్ కొలీసియంలో. బేబ్ డిడ్రిక్‌సన్, ఎవలిన్ హాల్ అనే ఇద్దరు అమెరికన్లు పక్కపక్కనే గీత దాటారు. ఇద్దరి సమయమూ 11.7 సెకన్లే. పసిడి బేబ్‌కి ఇచ్చారు. ఈ స్టేడియం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం.

400 మీటర్ల హర్డిల్స్ ఆడవాళ్లకు పెడితే ఎలా ఉంటుందని ఐరోపాలో ప్రయత్నాలు మొదలైంది 1970ల తొలినాళ్లలో. ప్రపంచ రికార్డులు నమోదు చేయడం 1974లో మొదలైంది. ఆ పట్టికలో మొదటి పేరు పోలండ్ అమ్మాయి క్రిస్టీనా కాట్‌పెర్‌చిక్‌ది, 56.51 సెకన్లు. అయినా 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఈ పందేనికి చోటివ్వలేదు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్యకు మండింది. అదే ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని సిట్టార్డ్ అనే చిన్న ఊళ్లో, ఒలింపిక్స్‌లో చోటు దొరకని ఆడవాళ్ల పందేలు రెండింటికి విడిగా ప్రపంచ పోటీ పెట్టేసింది. ఒకటి 3000 మీటర్లు, రెండోది ఇదే. దెబ్బకు పని జరిగింది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో, అదే కొలీసియంలో, 400 మీటర్ల హర్డిల్స్ ఆడవాళ్లకు తొలిసారి ఒలింపిక్ పందెం అయ్యింది.

మాస్కోలో ఆ పందెం లేదుగానీ ఉష ఉంది. పదహారేళ్ల పిల్ల. 100 మీటర్ల హీట్‌లో 12.27 సెకన్లు తీసుకుని అయిదో స్థానంలో వచ్చి, అక్కడితో ఆగిపోయింది.

ఆ పిల్ల మాస్కో దాకా ఎలా వచ్చిందంటే, మళ్లీ ఒక బడి దగ్గరికే పోవాలి. 1964 జూన్ 27న కోళిక్కోడ్ జిల్లా కూత్తాళిలో పుట్టింది, పయ్యోలిలో పెరిగింది. చిన్నప్పుడు ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక నలత. నాలుగో తరగతిలో ఉండగా బళ్లో డ్రిల్లు మాస్టారు, తనకంటే పెద్దదైన జిల్లా ఛాంపియన్ పక్కన నిలబెట్టి పరిగెత్తమంటే, ఆ అమ్మాయిని దాటేసింది. 1976లో కేరళ ప్రభుత్వం కణ్ణూరులో ఆడపిల్లల కోసం స్పోర్ట్స్ డివిజన్ తెరిచినప్పుడు అందులో చేరింది. ఒ.ఎం. నంబియార్ చేతికి చిక్కింది అక్కడే. ఆయన వైమానిక దళంలో పనిచేసి, పటియాలాలో కోచింగ్ డిప్లొమా చేసి వచ్చినవారు. ఈ పిల్లలో తనకు ముందు నచ్చినవి సన్నటి ఒళ్లూ, చకచకా నడిచే తీరూ అని తర్వాత చెప్పారు. పరుగు కంటే ముందు నడక చూశారన్నమాట. మన పెద్దవాళ్లు ఎద్దుల సంతలో చేసేదీ అదే పని. ఈ పోలికకు నంబియార్ నవ్వి ఊరుకునేవారనే అనుకుంటాను.

సింథటిక్ ట్రాక్ అన్నది కలలోని మాట. పయ్యోలి సముద్రపు ఒడ్డున ఇసకలో పరుగు. ఇసకలో పాదం దిగబడుతుంది, ప్రతి అడుగూ లాగి తీయాలి. పిక్కలకు అంతకంటే కఠినమైన మాస్టారు ఉండరు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లు రెండింట్లోనూ వెండి పతకాలు వచ్చాయి. 100లో ఫిలిప్పీన్స్‌కు చెందిన లిడియా డి వేగా ముందు నిలిచింది. అవే క్రీడల్లో 400 మీటర్ల హర్డిల్స్ పసిడి గెలిచింది మరో కేరళ అమ్మాయి, ఎం.డి. వల్సమ్మ. ఆ ఏడాది ఎవరినడిగినా హర్డిల్స్ రాణి వల్సమ్మే. ఉషకూ ఆ పందేనికీ అప్పటికి సంబంధమే లేదు.

1983లో కువైట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఉష 400 మీటర్లు గెలిచింది. నంబియార్ లెక్క ఇక్కడే మారిందనుకుంటాను. 100, 200 మీటర్లలో ప్రపంచ స్థాయి అందేంత దూరంలో లేదు. 400లో కూడా ముందు వరసలో తలలు చాలానే ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లో పెడుతున్న ఈ కొత్త పందెంలో మాత్రం చాలామంది కొత్తవాళ్లే. ఏళ్ల తరబడి దాన్ని అరగదీసినవాళ్లు తక్కువే. ఒకరు కట్టిన ఇంట్లో అద్దెకుండటం కంటే పునాదులు తీస్తున్నచోట గుంజ పాతడం తేలిక. ఉషకు పొట్టి పందేల వేగం ఉంది, 400కు కావలసిన ఓర్పు ఉంది. నేర్చుకోవాల్సింది హర్డిల్ దాటడం ఒక్కటే.

ఆ ‘ఒక్కటే’ అన్నది చెప్పినంత తేలిక కాదు. పది హర్డిల్స్. మొదటిదానికి 45 మీటర్ల దూరం, తర్వాత ఒక్కోదానికి 35 మీటర్లు, ఆఖరిది దాటాక గీత దాకా 40 మీటర్లు. మధ్యలో ఉన్న ఆ 35 మీటర్లను లెక్కపెట్టి వేసే అంగల్లో ముగించాలి. పదిహేను, పదహారు, పదిహేడు, ఎవరి కాళ్ల పొడవు బట్టి వాళ్లకి. ఒక అంగ తక్కువైనా ఎక్కువైనా హర్డిల్ ముందు కాలు తడబడుతుంది. సరి సంఖ్య పడితే ముందుగా దాటించే కాలు మారిపోతుంది, అలవాటులేని కాలుతో దాటాలి. అలసట పెరిగేకొద్దీ అంగ పొట్టిదవుతుంది, లెక్క చెడుతుంది. ఏడో హర్డిల్ దగ్గరికొచ్చేసరికి పిక్కలు బరువెక్కి, మనిషి మెదడుతో మాత్రమే పరిగెడుతుంది. ఏడాది కూడా తిరక్కుండానే ఉష ఇది నేర్చుకుంది. ఢిల్లీలో ఒలింపిక్స్ ఎంపిక పందెంలో ఆసియా ఛాంపియన్ వల్సమ్మనే దాటింది.

ఇంకో కలిసొచ్చిన సంగతీ చెప్పాలి, దాచితే లెక్క తప్పుతుంది. రొమేనియా తప్ప సోవియట్ కూటమి దేశాలు ఆ ఒలింపిక్స్‌కు రాలేదు. అదే జూన్‌లో కీవ్‌లో మార్గరీటా పొనొమర్యోవా 53.58తో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆవిడ రాలేదు. 1983లో ప్రపంచ ఛాంపియన్ అయిన ఫెసెంకో రాలేదు. తలుపు సగం తెరిచే ఉంది.

సెమీఫైనల్లో ఉష 55.54తో మొదటి స్థానంలో వచ్చింది. అమెరికాకు చెందిన జూడీ బ్రౌన్ ఆమె వెనకే. తిండి సంగతి తర్వాత రోజుల్లో ఆమే చెప్పుకుంది. క్రీడా గ్రామంలో నోటికి పట్టే తిండి దొరక్క, గంజి అన్నంలో మామిడికాయ పచ్చడి నంజుకుని రోజులు గడిపిందట. పోషకాహార నిపుణులు తలపట్టుకునే మాట ఇది. మన ఇళ్లలో జ్వరమొచ్చినవాళ్లకు పెట్టే పథ్యం తిని, ఒకమ్మాయి ఒలింపిక్ ఫైనల్ పరిగెత్తింది.

ఆగస్టు 8. పిస్తోలు పేలింది. ఉష మంచి ఊపు అందుకుంది. వెంటనే వెనక్కి పిలిచారు. ఆస్ట్రేలియా అమ్మాయి డెబీ ఫ్లింటాఫ్ ముందే కదిలింది. ఆ రోజుల్లో మొదటి తప్పుకు ఎవరినీ పంపేసేవారు కాదు, అందర్నీ మళ్లీ నిలబెట్టేవారు. రెండోసారి బయల్దేరేటప్పుడు తన ఊపు చెదిరిందని ఉష చెప్పింది. మొరాకో అమ్మాయి నవాల్ అల్ ముతవక్కిల్ మొదటి నుంచీ ముందే ఉండి 54.61తో గెలిచింది. జూడీ బ్రౌన్ 55.20. మూడో స్థానం కోసం ముగ్గురు ఒకే తాడుకు కట్టినట్టు గీత మీదికి వచ్చారు.

ఇప్పుడు కెమెరా కథలోకి రావాలి.

మనిషి వేలితో స్టాప్‌వాచ్ నొక్కి కొలిచిన రోజుల్లో సెకనును పది ముక్కలు చేయడమే గొప్ప. కళ్లు చూడాలి, మెదడు చెప్పాలి, వేలు కదలాలి. మెట్ల బల్ల మీద ఒకరి తల పైన ఒకరు కూర్చున్న న్యాయనిర్ణేతలు ఏ అమ్మాయి ముందో వాదించుకునేవాళ్లు. 1932లో అదే కొలీసియంలో, వాచీతోపాటు సినిమా రీలు మీద కూడా గీతను తీసే కెమెరా ఒకటి పెట్టారు. మగవాళ్ల 100 మీటర్లలో ఎడీ టోలన్, రాల్ఫ్ మెట్‌కాఫ్ ఇద్దరికీ 10.3 సెకన్లే వస్తే, ఆ రీలు చూసి టోలన్‌కు పసిడి ఇచ్చారు.

ఆ తర్వాత వచ్చింది చీలిక కెమెరా. 1948 లండన్ ఒలింపిక్స్‌లో వాడారు. దీని పని తీరు తమాషాగా ఉంటుంది. మామూలు కెమెరాలో మూత తెరుచుకుని మూసుకుంటుంది, ఒక్క క్షణంలో ఉన్నదంతా పడుతుంది. ఇందులో మూత ఉండదు. ఫిల్ము ముందు వెంట్రుకంత సన్నటి నిలువు చీలిక ఒకటి, అది సరిగ్గా ముగింపు గీతనే చూస్తూ ఉంటుంది. దాని వెనక ఫిల్ము ఆగకుండా జరుగుతుంది. అంచేత ఆ ఫొటోలో ఎడమ నుంచి కుడి వరకు ఎక్కడ వేలుపెట్టినా అది గీతే, మారేది క్షణం మాత్రమే. చోటును కాక కాలాన్ని తీసిన ఫొటో అది. అందుకే అందులో గీత మీద ఎక్కువసేపు ఉన్న పాదం తెప్పలా సాగిపోయి కనిపిస్తుంది, విసురుగా దాటిన చెయ్యి కుదించుకుపోతుంది. చూడటానికి వికారంగానే ఉంటుంది. కానీ అబద్ధం చెప్పదు.

ఆ ఫొటోలో ఏం కొలవాలన్నదానికీ నిబంధన ఉంది. తల కాదు, మెడ కాదు, చేతులు, కాళ్లు అసలే కాదు. మొండెం గీత ఇవతలి అంచును చేరిన క్షణమే లెక్క. అందుకే ఆఖరి అంగలో పరుగు పందెం మనుషులు ఛాతీని ముందుకు విసురుతారు. ఆ విసురే తనకు ఆ రోజు కుదరలేదని ఉష బాధపడింది. పొట్టి పందేల పిల్లకు అది తెలియక కాదు. పది హర్డిల్స్ దాటాక ఒంట్లో ఉన్నది ఊపిరి మాత్రమే.

ఇక నూరో వంతు. పిస్తోలుకు, గడియారానికి, కెమెరాకు తీగలు కలిపి మనిషి వేలిని పూర్తిగా తీసేసిన సమయాన్నే రికార్డుగా గుర్తిస్తామని, 400 మీటర్ల వరకూ నూరో వంతుల్లోనే రాస్తామని సమాఖ్య నియమం పెట్టింది 1977 జనవరి 1 నుంచి. అంటే అప్పటికి ఆ నియమం వయసు ఏడున్నరేళ్లు.

ఫిల్ము చెప్పింది ఇది: రొమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41. ఉష 55.42. స్వీడన్‌కు చెందిన ఆన్-లూయిజ్ స్కోగ్లుండ్ 55.43.

పదో వంతుల్లోకి సర్ది రాస్తే ముగ్గురికీ ఒకే అంకె వచ్చేది. పతకం ఎవరికన్నది అప్పుడైనా ఫొటోయే తేల్చేదనుకోండి. కానీ లోకం నోట్లో నానిన ఆ ‘నూరో వంతు’ అనే మాట మాత్రం పుట్టేది కాదు. దాన్ని దూరంలోకి మార్చి చూస్తే, ఉష సగటు వేగం మీద, ఏడు సెంటీమీటర్ల పైచిలుకు. అరచేతి వెడల్పు. స్కోగ్లుండ్‌కు అంతకు రెట్టింపు దూరంలో చేజారింది, ఆమెను తలుచుకునేవాళ్లు మన దేశంలో ఎవరూ లేరు. ఆమెకు స్వీడన్‌లో ఓ మేనత్త ఉండే ఉంటుంది.

నవాల్ గెలుపు గురించి ఒక మాట చెప్పకుండా దాటలేను. ఆమె ఒలింపిక్ పసిడి గెలిచిన తొలి మొరాకో మనిషి, ఆడా మగా కలిపి. ఆ రోజు పుట్టిన ఆడపిల్లలకు ఆమె పేరు పెట్టాలని రాజు రెండో హసన్ చెప్పాడు. కొత్తగా కట్టిన ఇంట్లో మొదట కాలుపెట్టినవాళ్లలో కొందరు ఇలా అంతకుముందు ఎవరి లెక్కలోనూ లేని చోట్ల నుంచి వచ్చినవాళ్లే. నంబియార్ అంచనా ఉషకు అరచేయంత తప్పి ఉండొచ్చు, పందెం విషయంలో మాత్రం తప్పలేదు.

ఆ తర్వాతి రెండేళ్లూ ఆసియా ఉషదే. 1985లో జకార్తా ఆసియా పోటీల్లో అయిదు పసిడి పతకాలు, ఒక కంచు. 1986లో సోల్ ఆసియా క్రీడల్లో 200, 400, 400 హర్డిల్స్, 4×400 రిలేలో పసిడి, 100లో వెండి. 1985లో ద్రోణాచార్య అవార్డు పెట్టినప్పుడు మొదటిసారే అందుకున్నవాళ్లలో నంబియార్ ఒకరు. 1988 ఒలింపిక్స్‌కు ఉష గాయంతో వెళ్లి హీట్‌లోనే వెనుదిరిగింది. పెళ్లి, కొడుకు, విరామం, మళ్లీ ట్రాక్. 1998లో ఫుకువోకా ఆసియా పోటీల్లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, పతకాలు తెచ్చింది. 2002లో కోళిక్కోడ్ జిల్లాలోనే ఆడపిల్లల కోసం పరుగుల బడి తెరిచింది. ఆ బళ్లో పెరిగిన టింటూ లూకా తర్వాత 800 మీటర్ల జాతీయ రికార్డు పెట్టింది. ఆంస్టర్‌డామ్‌లో ఆడవాళ్లకు చేతకాదన్న దూరం అది.

ఇలాంటి అంకెల పీడ మన వైపుకూ వచ్చింది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2022 ఏప్రిల్‌లో, కేరళలోనే, 100 మీటర్ల హర్డిల్స్‌ని 13.09లో దాటింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. వెనకనుంచి గాలి సెకనుకు 2 మీటర్ల లోపుంటేనే రికార్డు, ఆ రోజు మీటరు చూపింది 2.1. పోయింది. నెల తిరిగేసరికి సైప్రస్‌లో 13.23 పరిగెత్తి తీసుకుంది. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో పక్క లేన్ అమ్మాయి ముందే కదిలితే, ముందు ఇద్దర్నీ బయటికి పొమ్మన్నారు. జ్యోతి కదల్లేదు, వాదించింది. పరిగెత్తనిచ్చారు. మూడో స్థానంలో వచ్చి, ఆ అమ్మాయి మీద వేటు పడ్డాక వెండి అందుకుంది. తప్పు ఎవరిదో యంత్రం చూపిస్తున్నప్పుడు నోరు విప్పాలన్న సంగతి ఆ పిల్లకు తెలుసు.

మర్నాడు పొద్దున అదే ట్రాక్ మీద 400 మీటర్ల హర్డిల్స్ హీట్స్. కోయంబత్తూరు అమ్మాయి విద్యా రామ్‌రాజ్, లారీ డ్రైవరు కూతురు, గీత దాటాక బోర్డు మీద అంకె వెలిగింది: 55.42. ముప్పై తొమ్మిదేళ్లుగా ఎవరూ కదపలేని జాతీయ రికార్డు కదల్లేదు, పక్కన ఇంకో పేరు వచ్చి కూర్చుంది. ఆ తర్వాతి రోజు ఫైనల్లో విద్యకు కంచు దొరికింది.

కెమెరా నిజానికి సెకనులో వెయ్యో వంతు దాకా చదవగలదు. చదివి, నూరో వంతుకు సర్ది రాస్తారు. వెయ్యో వంతు బయటికి తీసేది ఒకే పోటీలో ఇద్దర్ని విడదీయాల్సి వచ్చినప్పుడే. ఉషా విద్యా ఒకే ఫొటోలో లేరు. కొజొకారుకూ ఉషకూ మధ్య గీత గీసిన యంత్రం వీళ్లిద్దరి మధ్య మాత్రం ఏ గీతా గీయలేదు.